సాంగ్ మేకర్ గడుల్లో ఆటవెలది

ఆరు నుంచి ఎనిమిదో గ్రేడు పిల్లలకి పాట కట్టడం నేర్పాలనుకున్నప్పుడు మన టీచర్లు ముందుగా తెరిచేది సాంగ్ మేకర్. గూగుల్ వారి క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్ 2016లో వచ్చింది, అందులోకి ఇది 2018లో చేరింది. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంటు కూడా అక్కర్లేదు. పదమూడేళ్లు నిండని పిల్లల వివరాలు సేకరించడం మీద అమెరికాలో చట్టం ఉంది కాబట్టి అకౌంటు లేకపోవడం చిన్న విషయం కాదు. చేసిన పాట ఒక లింకుగా మిగులుతుంది, ఊళ్లో ఉన్న అమ్మమ్మకి వాట్సాప్‌లో పంపుకోవచ్చు. పనిముట్టుగా దానికి మంచి మార్కులే వేస్తాను. నా అభ్యంతరమల్లా మనం దాన్ని వాడుతున్న తీరు మీదే.

పేజీ తెరవగానే నాలుగు బార్లు, బారుకి నాలుగు బీట్లు, బీటుకి రెండు గడులు కనిపిస్తాయి. అంటే 32 నిలువు వరసలు. పిల్లలు రంగురంగుల గడులు నొక్కుకుంటూ పోతారు, చెవికి ఇంపుగా ఏదో ఒకటి వస్తుంది. మనం దాన్ని "తెలుగు పాట" అని యాన్యువల్ డేలో వినిపిస్తాం. అందులో తెలుగు ఎక్కడుందండీ? అసలు సాంగ్ మేకర్‌లో మాటలు రాసే చోటే లేదు. రెండు గంటల ఆదివారం క్లాసులో నలభై నిమిషాలు హెడ్‌ఫోన్లకి పోతే, ఆ నలభై నిమిషాలు పిల్లలు తెలుగు వినలేదు, మాట్లాడలేదు. అదే పాఠం వాళ్ల స్కూలు మ్యూజిక్ టీచరు మనకన్నా బాగా చెప్పగలరు.

ఇంకో సంగతి. స్కేల్ దగ్గర పెంటాటోనిక్ ఎంచుకుంటే వచ్చే అయిదు స్వరాలూ మన మోహన రాగం స్వరాలే: స రి గ ప ద. ఏ గడి నొక్కినా అపస్వరం అనిపించదు. టీచర్లకి ఇది నచ్చేది అందుకే, నాకు అనుమానం కలిగేదీ అందుకే. ఆలోచించి కట్టిన వరసకీ, ఊరికే వేళ్లు ఆడించిన వరసకీ తేడా తెలియదు. అందరికీ "వెరీ గుడ్" చెప్పి ఇంటికి పంపేస్తాం.

మన పిల్లలకి నిజంగా కష్టమైనది స్వరం కాదు, నిడివి. ఇంగ్లీషులో మాటకి ఒక చోట ఒత్తు పడుతుంది, అక్కడ గొంతు లేస్తుంది. తెలుగులో అచ్చు ఎంతసేపు పలికామన్న దాన్ని బట్టే అర్థం మారుతుంది. "కలం", "కాలం" ఒకేలా పలికే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. "అమ్మ"లో మ కింద వత్తుని చూసి రాస్తారు గానీ నోట్లో నిలపరు. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే. చేతితో పట్టుకుని చూపించడానికి వీల్లేని తప్పు ఇది. సాంగ్ మేకర్ గడి సరిగ్గా ఇక్కడ అక్కరకొస్తుంది. గడి ఒక మాత్ర అనుకోండి. లఘువుకి ఒక గడి. గురువుకి రెండు: ఒకటి నొక్కి, పక్కది ఖాళీగా వదలాలి.

ఆటవెలది తీసుకుందాం. వేమన పద్యాల మకుటం ఈ పిల్లలందరికీ నోటికొచ్చు. అది ఆటవెలది నాలుగో పాదం, అంటే అయిదు సూర్యగణాలు. సూర్యగణమంటే గురువు, లఘువు. లేదా మూడు లఘువులు. ఎలా చూసినా మూడు మాత్రలే. అయిదు మూళ్లు పదిహేను. సెట్టింగుల్లోకి వెళ్లి "బీట్స్ పర్ బార్" 5కీ, "స్ప్లిట్ బీట్స్ ఇంటూ" 3కీ మార్చండి. ఒక బారు, ఒక పాదం, 15 గడులు. మకుటంలో 11 అక్షరాలున్నాయి, కాబట్టి 11 గడులు నిండాలి, నాలుగు ఖాళీగా ఉండాలి. లెక్క తప్పితే ఎక్కడో దీర్ఘం గానీ వత్తు గానీ మింగేశారన్నమాట. మీరు దిద్దక్కర్లేదు, వాళ్లే వెతుక్కుంటారు. ముందు చప్పట్లతో పలికించి, ఆ తర్వాతే లాప్‌టాప్ తెరవమనండి.

ఆ పైన సొంతంగా ఒక పాదం రాయించండి. బోర్డు మీద నేను రాసే నమూనా ఇది: "పిజ్జ తెచ్చి నాన్న ప్రేమ పంచె". అయిదు గణాలు, పది అక్షరాలు, అయిదు ఖాళీ గడులు. నాలుగో గణం మొదట్లో "ప్రే", పాదం మొదట్లో "పి" యతి కుదిరాయి. ఆ మాట పిల్లలకి చెప్పినా సరే, చెప్పకపోయినా సరే. ఇలా మాటకి కొలత కుదిరాక మోహనం స్వరాలు వేయించినా అభ్యంతరం లేదు. ఎందుకంటే ఇప్పుడు తప్పుకి చోటుంది, అంటే నేర్చుకోవడానికీ చోటుంది.

మొదటి, మూడో పాదాల దగ్గర మాత్రం పనిముట్టు చేతులెత్తేస్తుంది. అక్కడ మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలొస్తాయి. ఇంద్రగణానికి నాలుగో అయిదో మాత్రలు, కాబట్టి పాదం 17 నుంచి 19 మాత్రల దాకా వెళ్తుంది. సాంగ్ మేకర్‌లో పాట మొత్తానికి ఒకటే లెక్క, మధ్యలో మార్చలేం. ఎనిమిదో గ్రేడు వాళ్లతో తప్ప వాటి జోలికి వెళ్లొద్దు. గమకం కూడా అంతే. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం అక్కడ కుదరదు, మెట్టు మీద మెట్టే. సంగీతం తెలిసిన తల్లిదండ్రులు కొందరు ఇది మోహనమే కాదంటారు. నిజమే, కానీ మనం చెప్తున్నది సంగీతం క్లాసు కాదు.

మాటలు టైప్ చేస్తే పాటంతా పాడి ఇచ్చే ఏఐ సైట్లని మాత్రం ఈ పాఠంలోకి రానివ్వకండి. దీర్ఘం ఎక్కడ నిలపాలో తేల్చుకోవడమే పిల్లలు చేయాల్సిన పని. ఆ పని కాస్తా యంత్రానికి అప్పగిస్తే ఇక క్లాసు దేనికి?

ఇంట్లో తల్లిదండ్రులు ట్యూన్ ఎలా ఉందని అడగకండి. పాదం చదవమనండి, ఏ గడి ఎందుకు ఖాళీగా వదిలారో తెలుగులో చెప్పమనండి. ఇక యాన్యువల్ డేకి లింకులు పంపడం మానేద్దాం. నాటకాల్లో పద్యం పాడేవారు పాదం చివర తాళం వదిలేసి రాగం తీస్తారు. ఆ స్వేచ్ఛ ఈ గడుల్లో దొరకదు. కాబట్టి స్టేజీ మీద లాప్‌టాప్ వద్దు. ఎవరు కట్టిన పాదం వాళ్లే, పక్కవాద్యం లేకుండా పాడాలి. ఒక్కొక్కరికి అర నిమిషం చాలు.