గుంజకుండా ఇమిడించే చెయ్యి

ఎల్లారెడ్డి నుంచి వాట్సాప్‌లో వచ్చిన ఫోటో అది. పెళ్లి గుంపులో ఎడమ చివర, కుర్చీలో కూర్చున్న ఒక పెద్దావిడ. ఆమె దశదిన కర్మకు ఫ్లెక్సీ కావాలట. ఇంటి ముందు కట్టెల ఫ్రేము అప్పటికే నిలబెట్టారు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. ఫోటో అడ్డం, ఫ్రేము నిలువు. కామారెడ్డిలో ఆ షాపుకు నేను వెళ్లింది గృహప్రవేశం కార్డు ప్రూఫు చూసుకోవడానికి. డిజైనరు పని చూస్తూ కార్డు సంగతే మరిచిపోయాను.

లెక్క చిన్నదే. ఫోటో 1600 పిక్సెళ్ల వెడల్పు, 1200 ఎత్తు. అంగుళానికి 72 చొప్పున ఫ్లెక్సీకి 3456 వెడల్పు, 5184 ఎత్తు కావాలి. నాలుగు మూలలకూ పట్టించి లాగితే వెడల్పు 2.16 రెట్లు, ఎత్తు 4.32 రెట్లు పెరుగుతుంది. గుండ్రటి మొహం సొరకాయ అవుతుంది. సాగదీయకుండా ఫోటో అంతా కనిపించాలంటే సగం ఫ్లెక్సీ ఖాళీ. ఖాళీ లేకుండా నింపితే సగం ఫోటో కోతకు పోతుంది. వెబ్ పేజీలు కట్టేవాళ్లు ఈ మూడింటినీ ఫిల్, కంటెయిన్, కవర్ అంటారు. కొలతలిచ్చి పద్ధతి చెప్పకపోతే బ్రౌజరు చేసేది మొదటిదే, సాగదీతే. మన కూడళ్లలో కోలమొహాల నాయకులను చూస్తే చాలామంది డిజైనర్లదీ అదే అలవాటేమో అనిపిస్తుంది.

"గుంజుదామా అన్నా?" పక్కన పని నేర్చుకుంటున్న పిలగాడు అడిగాడు.

"గుంజితే ఆమె ఆమెలెక్క కనవడదుర."

ఆయన ముందు ఆమెను గుంపులోంచి వేరు చేశాడు. తల నుంచి నడుము దాకా 400 పిక్సెళ్లే ఉంది. ఆరు రెట్లు పెంచితే ఫ్లెక్సీ మీద 33 అంగుళాలు. చెయ్యి ఎక్కడ తెగాలన్నది కాసేపు చూసుకున్నాడు. సరిగ్గా మోచేతి దగ్గర కోస్తే చెయ్యి విరిగినట్టుంటుంది, అందుకే కాస్త పైకి జరిపాడు. మొహం మసకగా ఉన్నా పదును పెంచలేదు. పెంచితే మసక పోదు, గీతలు మాత్రం లేస్తాయి. ఎలాగూ చూసేవాళ్లు వాకిట్లోంచి చూస్తారు.

ఫోటోలో ఆమె వెనకున్న పరదా ఫ్లెక్సీ అంతటికీ చాలలేదు. దానికో ఉపాయం ఉంది. 2007లో షాయ్ అవిదాన్, ఏరియల్ షామిర్ అనే ఇద్దరు ఒక పద్ధతి చూపారు. బొమ్మలో పెద్దగా మార్పులేని సన్నటి దారులను వెతికి, వాటినే తీసేసి బొమ్మను తగ్గించడం, లేదా వాటి పక్కనే కొత్తవి చేర్చి పెంచడం. మరుసటి ఏడాది అలాంటి సాధనమే ఫోటోషాప్ సీఎస్4లోకి వచ్చింది. ఈయన దాన్ని పరదాకే వాడాడు, మనిషిని వేరే లేయరులో దాచిపెట్టి. పరదా ముడతకూ ముసలమ్మ ముడతకూ తేడా దానికేం తెలుసు!

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి పని. నుదుటి బొట్టును స్క్రీన్ నిండా తెచ్చి, గుండ్రంగా ఉందో లేదో చూశాడు. మొహం ఒక వీసం సాగినా కన్ను ఊరుకుంటుంది కానీ, బొట్టు కోలగా మారితే దొరికిపోతుంది. ఇంత చేసీ పైపట్టీలో వెడల్పు, ఎత్తుల శాతాలు ఒకటేనా అని మళ్లీ చూసుకున్నాడు. కారణం షిఫ్ట్ మీట. ఒకప్పుడు నిష్పత్తి చెడకూడదంటే దాన్ని నొక్కి పట్టుకోవాలి. 2018 అక్టోబరులో వచ్చిన ఫోటోషాప్ సీసీ 2019 దాన్ని తిరగేసింది, ఇప్పుడు నొక్కితేనే చెడుతుంది. షాపులో ఒక కంప్యూటర్లో పాతది, ఇంకోదాంట్లో కొత్తది. వేళ్లను నమ్మలేం.

పెళ్లి ఆల్బముల్లో ఇదే చెయ్యి ఇంకో చిక్కు విప్పుతుంది. 12 బై 36 షీటు మధ్యలో మడత పడుతుంది. డీఎస్ఎల్ఆర్ ఫోటో 12 బై 18 సగానికి సరిగ్గా సరిపోతుంది. షీటంతా పరిస్తే మాత్రం ఎత్తులో సగం పోవాలి. తలంబ్రాల ఫోటో అలా పరిచినప్పుడు వధూవరులను చెరోవైపు ఉంచి, మడతలో బియ్యపు గింజలు మాత్రమే పడేలా జరిపాడు. ఆ పేజీ చాలాసేపు చూశాను.

ఫ్లెక్సీకి చుట్టూ రెండంగుళాలు మేకులకు వదిలాడు. అక్షరాలన్నీ దానికి లోపలే. పేపర్లో చుట్టిన రోల్ ఎల్లారెడ్డి బస్సెక్కింది. తర్వాత వచ్చినాయన ఫోన్ తీసి, ఎనిమిది బై నాలుగులో పదకొండు మంది నాయకుల తలలు పట్టాలన్నాడు, అందులో ఒకటి పాస్‌పోర్టు ఫోటో.

"ఎవరి తల పెద్దగుండాల్నో ముందుగాల చెప్పున్రి" అన్నాడు డిజైనరు.