వెలుగు వెనకుంటేనే తోలుబొమ్మ

ఆమధ్య ఒక హస్తకళల ప్రదర్శనలో నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ళ స్టాలు ముందు ఆగాను. గోడకు నాలుగడుగుల సీతమ్మ బొమ్మ వేలాడుతోంది. పైనున్న ఫోకస్ లైటు తిన్నగా ముఖం మీద పడుతోంది. ఎర్ర చీర, నల్లటి గీతలు, ఒళ్ళంతా సన్నటి చిల్లులు. నా పక్కన చూస్తున్న ఒకావిడ "రంగులు బాగున్నాయి గానీ, ఇన్ని బొక్కలెందుకు?" అని ముందుకు వెళ్ళిపోయింది. స్టాల్లో కూర్చున్న పెద్దాయన ఆ మాట విన్నాడు. లేచి, బొమ్మను కొక్కెం నుంచి తీసి, మూలనున్న బల్బు ముందు పట్టుకున్నాడు.

"ఇట్ల రాండి సార్. ఈడ నిలబడి చూడండి."

ఒక్కసారిగా తోలు తేనెరంగుకు తిరిగింది. మెడలో మూడు పేటల హారం, చెవికి కమ్మలు, నడుముకు వడ్డాణం, చీర అంచున మల్లెమొగ్గల వరస అన్నీ వెలిగాయి. ఆవిడ బొక్కలన్నవే ఆ నగలు. గోడ మీద మసకబారి ఉన్న ఎరుపు ఇప్పుడు మందార రేకులా ఉంది. ఆయన మణికట్టు కాస్త తిప్పాడు, సీతమ్మ తల వంచుకుంది. ముందుకు వెళ్ళిపోయిన ఆవిడ ఇదేదీ చూడలేదే అని ఇప్పటికీ నాకు బెంగగా ఉంటుంది.

నిమ్మలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరి చిన్న ఊరు. 2022లో జిల్లాలు విడిపోక ముందు అనంతపురం జిల్లాలో ఉండేది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు ఈ ఊరి పేరు తెలియని వాళ్ళు కూడా అప్పుడు విన్నారు. కళ మాత్రం చాలా పాతది. పదమూడో శతాబ్దం నాటి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోనే తోలుబొమ్మలాట ప్రస్తావన చేశాడు. ఈ ఆట ఆడే కుటుంబాల్లో చాలామంది ఇళ్ళల్లో మరాఠీ యాస వినిపిస్తుంది. తెర వెనక్కి వెళ్ళగానే అదే గొంతు రంగనాథ రామాయణం ద్విపదలు పాడుతుంది. ఇంటి మాట ఒకటి, ఆట మాట ఒకటి అయినా ఎక్కడా తడబాటు ఉండదు.

పని తోలుతో మొదలవుతుంది. ఇప్పుడు వాడేది మేకతోలు. నీళ్ళలో నానబెట్టి, బొచ్చు తీసి, మాంసం పొర ఏమాత్రం మిగలకుండా కత్తితో గీకాలి. తర్వాత లాగి కట్టి ఎండబెడతారు. ఆరాక ఎత్తి సూర్యుడి వైపు పట్టుకుంటే అవతల చెయ్యి కనపడాలి. ఇక్కడ చెయ్యి తిరగనివాడు ఎంత బొమ్మ గీసినా ప్రయోజనం లేదు. ఎక్కువ గీకితే తోలు చిరుగుతుంది, తక్కువ గీకితే వెలుగు దూరదు. బొమ్మ పూర్తయ్యాక ఈ పని ఎవరి కంటికీ కనపడదు. బొమ్మ బాగుందని మనకు అనిపించడానికి సగం కారణం మాత్రం ఇదే. ఆటకు వాడే మన బొమ్మలు నాలుగడుగుల నుంచి మనిషెత్తు దాకా ఉంటాయి కాబట్టి పెద్ద పాత్రకు ఒక తోలు చాలదు.

తర్వాత గీత, ఆ తర్వాత ఉలి. తోలు కింద చెక్కదిమ్మ పెట్టి, చిన్న చిన్న ఉలులతో కొడతారు. గుండ్రటి మూతి ఉన్నది ముత్యానికి, అర్ధచంద్రంలా ఉన్నది రేకుకు, సన్నగా పొడుగ్గా ఉన్నది గింజకు. ఆ రోజు స్టాల్లోని పెద్దాయన నా చేతికిచ్చిన బొమ్మలో ముంజేతి గాజుల దగ్గర కళ్ళు పెట్టి చూశాను. రెండు చిల్లుల మధ్య మిగిలిన తోలు మందపాటి దారమంత కూడా లేదు. అలాంటివి పక్కపక్కనే పదమూడు, పదమూడూ ఒకే ఎడంలో ఉన్నాయి. ఒక్క దెబ్బ పక్కకు జరిగితే రెండు చిల్లులు కలిసిపోయి గాజు తెగిపోతుంది. తోలుకు అతుకు వేయవచ్చు గానీ అతుకు వేసిన చోట రెండు పొరలై నీడ పడుతుంది, తెర మీద అందరికీ తెలిసిపోతుంది. చిత్రకారుడికి తప్పు గీత మీద ఇంకో రంగు పూసే వీలుంది. ఈ పనివాడికి ఆ వెసులుబాటు లేదు.

ముఖం దగ్గర మాత్రం ఉలి వెనక్కి తగ్గింది. నుదురు, చెక్కిలి, గడ్డం అంతా చిల్లు లేని తోలు. ఇంత నగిషీ మధ్య ఆ కొంచెం జాగా ఖాళీగా వదలడం వల్లే చూపు ముందు ముఖం మీదికి పోతుంది. ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అది. పెద్ద కన్ను, కొనదేరిన ముక్కు, పక్కకు తిరిగిన ముఖం. శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్న లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది పదహారో శతాబ్దపు బొమ్మలు చూసినవాళ్ళకు ఈ ముఖాల్లో ఆ పోలిక వెంటనే తెలుస్తుంది. చీరల మీది పూలలో, గళ్ళలో కూడా.

రంగు బొమ్మకు రెండు వైపులా వేస్తారు. ఒకప్పుడు ఆకుల నుంచీ చెట్ల బెరళ్ళ నుంచీ తీసేవారు, ఇప్పుడు సీసాల్లో దొరికే రంగులే. ఏదైనా నీళ్ళలా పలచగా ఉండాలి. చిక్కటి పెయింటు పూస్తే ఎంత అందమైన ఎరుపైనా తెర మీద నల్లటి మచ్చవుతుంది. చాలా దేశాల నీడబొమ్మలు నల్లటి నీడలే వేస్తాయి. మన తోలుబొమ్మ నీడకు రంగుంది. ఆంధ్ర తోలుబొమ్మలాట గొప్పతనం ఏమిటని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే మాట ఇదే.

ఇక కీళ్ళు. మెడ, భుజం, మోచెయ్యి, నడుము, మోకాలు విడివిడి ముక్కలు. చిల్లులో దారం దూర్చి ముడి వేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే వేలాడిపోతుంది. బొమ్మకు నడిమధ్య వెదురు బద్ద వెన్నెముకలా ఉంటుంది, చేతులకు వేరే పుల్లలు. ఆడించేవాడు బొమ్మను తెరకు ఆనిస్తే గీత గీసినంత స్పష్టం. కాస్త వెనక్కి లాగితే అంచులు కరిగి, బొమ్మ పెద్దదవుతుంది. రాక్షసుడు వచ్చేటప్పుడు పిల్లలు జడుసుకునేది అందుకే. వెనక హార్మోనియం, మృదంగం, తాళాలు, యుద్ధం వచ్చినప్పుడు కాలి కింద చెక్కల దడదడ. ఆడపాత్రలకు ఇంటి ఆడవాళ్ళే గొంతిస్తారు. మధ్యమధ్య హాస్యపాత్రలైన కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఊరి సంగతులు ఏకరువు పెడితే తెల్లవారేదాకా ఎవరూ లేవరు. వానలు ముఖం చాటేసిన ఏడాది పల్లెల్లో విరాటపర్వం ఆడించేవారు. ఆ ఊళ్ళకు అదొక మొక్కు.

ఇప్పుడు అలాంటి రాత్రులు తగ్గాయి. బొమ్మ ప్రదర్శనలకు, ఎంపోరియాలకు వచ్చింది. లాంపుషేడ్లు, తలుపు తోరణాలు, గోడ చిత్రాలు చేస్తున్నారు. లాంపుషేడ్లు చేసి కళను చిన్నబుచ్చారని బాధపడేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. లాంపుషేడు కదలదు, పాడదు, నిజమే. అయినా వెలుగు లోపలి నుంచి వస్తుంది. ఉలి చేసిన పని కంటికి ఆనుతుంది, రంగు రంగులాగే ఉంటుంది. ఆ ఇల్లు గడుస్తుంది, పిల్లవాడు ఉలి పట్టడం నేర్చుకుంటాడు. నాకు కష్టంగా తోచేది అద్దం ఫ్రేములో బిగించి, వెనక అట్ట వేసి, ముందు నుంచి లైటు కొట్టిన బొమ్మ. పెద్ద పెద్ద ప్రదర్శనల్లో కూడా ఇలాగే పెడుతున్నారు. వెలుగు కోసం గీకిన తోలుకు వెనక అట్ట పెట్టడమంటే ఆ పనిని చూడకుండా మూసేయడమే. ప్రదర్శనలు పెట్టేవాళ్ళకు నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. ఒక తెల్లపంచె, నాలుగు వెదురు గడలు, వెనక ఒక బల్బు. సాయంత్రం ఒక అరగంట స్టాలు వాళ్ళనే ఆడించమనండి. వాళ్ళ దగ్గర బొమ్మలున్నాయి, గొంతులున్నాయి.

ఆ రోజు నేను సీతమ్మను కొనలేకపోయాను, ఒక చిన్న హనుమంతుణ్ణి కొన్నాను. పెద్దాయన కాగితంలో చుట్టి ఇస్తూ ఒకటే చెప్పాడు: "ఫ్రేము కట్టించొద్దండి సార్." కట్టించలేదు. ఎండ తగలని చోట దారంతో వేలాడదీసి, వెనక చిన్న బల్బు పెట్టాను. మీరూ ఎప్పుడైనా తోలుబొమ్మ కొంటే దాన్ని గోడకు కొట్టకండి. వెనక ఒక దీపం పెట్టండి.