కాయిల్ బిగించే చేతులు

ఎమ్మారై గదిలో అడుగుపెట్టినవాళ్ల చూపు ముందు ఆ పెద్ద సొరంగం మీద పడుతుంది. నా చూపు మాత్రం టెక్నీషియన్ చేతుల మీదికి పోతుంది. తొడ స్కాన్ బాగా వస్తుందో రాదో, సగానికి సగం మిషన్ చప్పుడు మొదలుకాకముందే తేలిపోతుంది.

నొప్పి ఎక్కడని అడిగితే మా బోధన్ వైపు చందూర్ రైతు తొడంతా అరచేత్తో తడిమి చూపిస్తాడు. "కాకా, ఒక్క ఏలు పెట్టి చూపెట్టు" అంటాడు పని తెలిసిన టెక్నీషియన్. ఆ వేలు ఆగిన చోట చిన్న చేపనూనె గుళికను టేపుతో అంటిస్తాడు. కొవ్వు తెల్లగా కనిపించే బొమ్మల్లో ఆ గుళిక చుక్కై మెరుస్తుంది. రోగి మొహం కూడా చూడని రేడియాలజిస్టుకు అతని నొప్పి చోటు అలా తెలుస్తుంది. కోట్ల రూపాయల మిషన్ కన్నా ఆ గుళికే నాకు ముచ్చటగా ఉంటుంది.

అసలు తొడ నొప్పికల్లా తొడ స్కాన్ అక్కర్లేదు. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక ఇటు చెరకు తగ్గి వరి పెరిగింది కానీ, నడుం వంచే పని తగ్గలేదు. వెన్నులో నరం నొక్కుకుపోయినా నొప్పి తొడ వెనక నుంచే దిగుతుంది. అప్పుడు డాక్టరు నడుముకు స్కాన్ రాస్తే, తొడ నొప్పికి నడుమెందుకని గొడవపడొద్దు.

ఇక పడుకోబెట్టడం. వెల్లకిలా, చాలాచోట్ల కాళ్లు ముందు లోపలికి పోయేలా పడుకోబెడతారు. మనిషి పొడుగును బట్టి తల సొరంగం అంచు దగ్గరో బయటో ఉంటుంది కనుక ఊపిరాడదేమోనన్న భయం కొంత తగ్గుతుంది. మోకాళ్ల కింద స్పాంజి, పాదాలు పక్కకు వాలకుండా పట్టీ, రెండు తొడల మధ్య మెత్త. ఆ మెత్త హాయి కోసమని చాలామంది అనుకుంటారు. కానీ చర్మానికి చర్మం తగిలితే ఒంట్లో కరెంటు చుట్టు తిరిగే దారి ఏర్పడి, తగిలిన చోట కాలే ప్రమాదం ఉంది. చేతులు కట్టుకోవద్దనేదీ అందుకే. ఆపైన తొడల మీద వెడల్పాటి కాయిల్ పరిచి పట్టీలు బిగిస్తారు. ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ వదిలే సన్నని రేడియో సంకేతాన్ని పట్టుకునేది ఆ కాయిలే. అది ఎంత దగ్గరగా కుదిరితే బొమ్మ అంత శుభ్రం.

వీటన్నిటికన్నా ముందు జరిగే తలుపు దగ్గరి తనిఖీని విసుగు పనిగా చూడకూడదు. 1.5 టెస్లా మిషన్ అంటే భూమి అయస్కాంతానికి సుమారు 30,000 రెట్ల బలం. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగిన తీగచుట్టల్లో కరెంటు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటుంది; స్కాన్ లేనప్పుడు కూడా అయస్కాంతం నిద్రపోదు. 2018 జనవరిలో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లిన మనిషి ప్రాణమే పోయింది. కాబట్టి పుస్తెలతాడు, మట్టెలు, మొలదారానికి కట్టిన తాయెత్తు, చీర పిన్నీసు, సెల్‌ఫోన్ అన్నీ బయటే. బంగారం అయస్కాంతానికి అంటుకోదన్న మాట నిజమే, కానీ కొక్కెం ఏ లోహమో ఎవరికి తెలుసు? పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకుని రమ్మని ముందురోజే చెప్పే టెక్నీషియన్‌ది కూడా పనితనమే. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో ఇంప్లాంట్, ఎప్పుడో వెల్డింగ్ దగ్గర కంట్లో పడ్డ ఇనుప రజను, గర్భం... ఇవి అడగకపోయినా చెప్పాలి. తొడ ఎముకలో రాడ్ ఉంటే ఆపరేషన్ కాగితాలు వెంట తేవాలి. టైటానియం రాడ్ సాధారణంగా స్కాన్‌కు అడ్డం కాదు. కానీ దాని చుట్టూ బొమ్మ వంకరపోతుంది. ముందే తెలిస్తే సెట్టింగులు మార్చి ఆ వంకరను తగ్గిస్తారు.

చెరకు గడను చక్రాలుగా కోసినట్టు తొడను అడ్డంగా చూపించే బొమ్మలే ఈ స్కాన్‌కు ప్రాణం. నడుమ ఎముక, చుట్టూ ముందు, వెనక, లోపలివైపు కండరాల గుంపులు. రెండు తొడలూ ఒకే బొమ్మలో పడితే బాగున్న కాలే కొలబద్ద అవుతుంది. ఒక వరస బొమ్మల్లో కొవ్వు తెల్లగా, కండరం బూడిదరంగులో వస్తాయి. ఇంకో వరసలో కొవ్వును అణిచేసి వాపును, నీరును మాత్రం వెలిగిస్తారు. తొడలోని పెద్ద ధమని కొట్టుకున్నప్పుడల్లా దాని నీడలు బొమ్మ మీద బారులు తీరుతాయి. ఆ బారు అనుమానమున్న కండరం మీద పడకుండా దిశ ఎంచుకోవడం నేర్పరి పని. రిపోర్టులో దాని ఊసే ఉండదు.

2021 జనవరి 11న సిడ్నీ టెస్టులో కాకినాడ క్రికెటర్ హనుమ విహారి తొడ వెనక కండరం దెబ్బతిన్నా 161 బంతులాడి 23 పరుగులతో నిలబడ్డాడు. తర్వాతి బ్రిస్బేన్ టెస్టుకు దూరమయ్యాడు. అలాంటి గాయం కండరం పోగుల్లో ఉందా, స్నాయువు దాకా పోయిందా అన్నది ఈ బొమ్మలే విప్పిచెబుతాయి. స్నాయువు తెగితే కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. మన వేడి ప్రాంతాల్లో జ్వరంతో తొడ కండరంలో చీము పట్టే జబ్బునూ ఇవే తొందరగా పట్టిస్తాయి. చీము, గడ్డ అనుమానముంటే గాడోలినియం ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

స్కాన్ అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. ఎక్స్‌రేలోలా రేడియేషన్ లేదు, చప్పుడు మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇస్తారు. భయమేస్తే చేతికిచ్చిన రబ్బరు బల్బు నొక్కితే చాలు, టెక్నీషియన్‌కు తెలుస్తుంది. కాలు కదిలితే ఆ వరస చెదిరిపోతుంది. బయట బారులో ఎంతమంది కూర్చున్నా, మంచి టెక్నీషియన్ చెదిరిన బొమ్మను ఫిల్ములో వేసి పంపించడు, కాయిల్ సర్ది ఆ వరస మళ్లీ తీస్తాడు.