ఆటలోని శత్రువు ఆడా, మగా?

వీడియో ఆటలలోని శత్రువులు రెండు తెగలుగా నుందురు. మొదటి తెగకు పేరు, కథ, మాట ఉండును, వీరు ప్రతినాయకులు. రెండవ తెగకు ఇవేవియు లేవు. వరుసలుగా వచ్చుట, దెబ్బ తినుట, మాయమగుట, అదే రూపముతో మరల వచ్చుట - ఇంతియే వారి బ్రతుకు. నాటకములలో పాత్రల పట్టిక చివర "భటులు" అని యొక్క మాటతో సరిపెట్టబడు వారి వంటివారు వీరు. వీరికి స్త్రీత్వమును గాని, పురుషత్వమును గాని చిత్రకారుడు చాలసార్లు నిర్ణయింపనే లేదు. ఐనను ఆడెడివారు "వాడు వస్తున్నాడు, వాణ్ణి కొట్టు" అందురు. చిత్రకారుడు ఇయ్యని లింగభేదము చూపరి కెక్కడినుండి వచ్చినది? చూచుటకు చిన్నదిగా తోచు ఈ ప్రశ్నపై మనోవిజ్ఞానము చెప్పగలిగినది చాల గలదు.

1978లో జపానులోని టైటో సంస్థ ‘స్పేస్ ఇన్వేడర్స్’ అను ఆటను విడుదల చేసెను. దానిని కల్పించిన టొమోహిరో నిషికాడో మనుష్యులను కాల్చునట్లు చూపుట తగదని తలచి, ఆక్టోపస్, పీత, స్క్విడ్ అను సముద్రజీవుల పోలికతో శత్రువులను గీసెను. కొలది చుక్కలతో నేర్పడిన ఆ బొమ్మలలో ఆడుగుర్తు గాని, మగగుర్తు గాని లేదు. 1980లో నామ్కో సంస్థకై టోరు ఇవటాని రూపొందించిన ‘పాక్-మాన్’ ఆటలోని నాలుగు దయ్యములును అట్టివే. నాలుగింటికిని ఒకే ఆకారము. రంగులు మాత్రమే వేరు.

1982లో అమెరికాలో వెలువడిన ‘మిస్ పాక్-మాన్’ ఈ విషయమున మంచి పాఠము. పాక్-మాన్ అనగా నోరు తెరచిన పసుపుపచ్చని వృత్తము. దానిని స్త్రీగా మార్చుటకు తలపై రిబ్బను, పెదవులకు రంగు, ముఖమున పుట్టుమచ్చ చేర్చవలసి వచ్చినది. పురుషునిగా చూపుటకు మీసమైనను అక్కరలేకపోయినది. అనగా గుర్తు లేనిది మగ, గుర్తు చేర్చినది ఆడ. అదే ఆటలో నారింజరంగు దయ్యమునకు క్లైడ్ అను పేరు తీసివేసి, సూ అను ఆడపేరు పెట్టిరి. రూపమున మాత్రము ఆడుగుర్తేదియు చేర్చలేదు. ఆట మొదట తెరపై కనబడు పేరును చదువనివానికి, తన్ను తరుముచున్నది ఆడదయ్యమని తెలియు మార్గమే లేదు.

గుర్తు లేనిదానిని మగగా చూచుట వీడియో ఆటలతో పుట్టిన అలవాటు కాదు. 1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమెల్ అను శాస్త్రజ్ఞులు ఒక చిన్న చలనచిత్రమును తయారుచేసిరి. అందులో ఒక పెద్ద త్రిభుజము, ఒక చిన్న త్రిభుజము, ఒక చిన్న వృత్తము ఒక తలుపుగల దీర్ఘచతురస్రము చుట్టు తిరుగుచుండును. ఏమి చూచితిరో వ్రాయుడని 34 మంది విద్యార్థినుల నడుగగా, ఒక్కరు మాత్రమే రేఖాగణితపు మాటలతో వర్ణించిరి. తక్కినవారికి అవి ప్రాణులు, పెక్కుమందికి మనుష్యులు. పెద్ద త్రిభుజమును దౌర్జన్యము చేయు పురుషునిగను, వృత్తమును బెదరిన బాలికగను తలచుట సామాన్యమైనది. ముఖము లేదు, దుస్తులు లేవు, గొంతు లేదు. చలనమే అన్నియు పలికినది. వీడియో ఆటలోని శత్రువునకు తరుముట, కొట్టుట తప్ప వేరు చలనము లేదు. అట్టివాడు పెద్ద త్రిభుజపు జాతిలో చేరుట సహజమే.

2022లో సూసన్ వార్డిల్, ఆమె సహచరులు అమెరికాలో ప్రకటించిన పరిశోధన దీనికి మరియొక వైపు చూపినది. మబ్బులోను, పండులోను, యంత్రపు మరలలోను ముఖము కనబడినట్లు తోచుట అందరికిని అనుభవమే. అట్టి ఛాయాచిత్రములను చూపి, ఆ ముఖము ఆడదా, మగదా, ఏదియు కాదా యని అడుగగా, మగ యనినవి ఆడ యనినవానికి సుమారు నాలుగు రెట్లు. రెండు కన్నులు, ఒక నోరు మాత్రమే యున్నచో మనస్సు దానిని పురుషుని ముఖముగా చదువుననియు, స్త్రీముఖముగా చదువుటకు అదనపు గుర్తు కోరుననియు ఈ ఫలితము సూచించుచున్నది. మిస్ పాక్-మాన్ రిబ్బను ఏ నియమమును పాటించినదో ఇక్కడ తెలియుచున్నది.

తెలుగువారికి ఈ సమస్యను చూచుటకు ప్రత్యేకమైన కిటికీ యొకటి గలదు. మన వ్యాకరణమున పురుషుడు మహత్తు. ఏకవచనమున స్త్రీ, జంతువు, జడవస్తువు ఒక్క పంక్తి. "రాముడు వచ్చాడు" అందుము. "సీత వచ్చింది", "పీత వచ్చింది", "బండి వచ్చింది" అందుము. కావున తెలుగు పిల్లవాడు తెరపైని శత్రువును గూర్చి "వచ్చింది" అనినంతమాత్రమున దానిని స్త్రీగా చూచెనని చెప్పరాదు. జంతువుగనో, యంత్రముగనో చూచియుండవచ్చును. కాని "వచ్చాడు" అనినచో సందేహము లేదు. ఆ బొమ్మకు మనస్సును, మగతనమును ఒక్క విభక్తితో ఇచ్చివేసినాడు. ఒకే బొమ్మ ఊరక నడచుచుండగా "అది" యై, గోడచాటున పొంచినంతనే "వాడు" అగుట వినవచ్చును. బహువచనమున "వాళ్ళు" అనగానే స్త్రీపురుషులు కలిసిపోవుదురు. ఈ తేడాలను గమనించుచు, ఆడుకొను పిల్లల మాటలను వ్రాసికొనిన యెడల, ఖర్చు లేని చక్కని పరిశోధన యగును.

ఇక ఆటలను రచించువారి సమాధానమును పరీక్షింపవలెను. ‘మైన్‌క్రాఫ్ట్’ ఆటకర్త మార్కస్ పర్సన్ తన ఆటలో లింగభేదమే లేదని, మనుష్యరూపము కేవలము మనుష్యరూపమే యని 2012లో వివరించెను. ఆవులన్నింటికి కొమ్ములును, పొదుగును ఉండుటను ఉదాహరణముగా చూపెను. ఆవునకు కొమ్ములుండుట మన రైతునకు వింత కాదు గాని, ఉద్దేశము మంచిదే. ఐనను ఆ మనుష్యరూపమునకు పరిహాసముగా పెట్టిన ‘స్టీవ్’ అను మగపేరే లోకమున నిలిచినది. 2014లో ‘అలెక్స్’ అను రెండవ రూపమును చేర్చవలసి వచ్చినది. ఖాళీగా విడిచిన చోటు ఖాళీగా నుండదు; చూపరి అలవాటు దానిని నింపును. "మేము ఏదియు నిర్ణయింపలేదు" అనుట నిర్ణయమును ఆ అలవాటునకు అప్పగించుటయే.

రిబ్బను లేకయే భేదము చూపవచ్చునని రెండు ఆటలు నిరూపించినవి. 2007 నాటి ‘పోర్టల్’లో మూడు కాళ్ళ తుపాకియంత్రములు ఎలెన్ మెక్‌లేన్ అను గాయని గొంతుతో మృదువుగా పలుకరించును, రూపము యంత్రమే, గొంతు మాత్రము స్త్రీది. 2020 నాటి ‘ది లాస్ట్ ఆఫ్ అస్ - రెండవ భాగము’న సామాన్య శత్రువులలో స్త్రీలును గలరు, ఒకరు పడిపోగా తోడివారు పేరు పెట్టి పిలుతురు. నడక సైతము చాలును. 1977లో కొజ్లౌస్కీ, కటింగ్ అనువారు చీకటిలో నడచువారి కీళ్ళకడ వెలుగుచుక్కలు మాత్రమే కనబడునట్లు చేసి చూపగా, నడచునది స్త్రీయో పురుషుడో చూపరులు ఊహకు మించి సరిగా చెప్పగలిగిరి.

ఒక్క హెచ్చరిక అవసరము. పైని ప్రయోగములు ఛాయాచిత్రములపైన, చిన్న చలనచిత్రములపైన జరిగినవి. ఆడుచున్న వేళ జరిగినవి కావు. చూచువానికిని, తప్పించుకొనుచు కాల్చువానికిని మనఃస్థితి ఒకటి కాదు. కావున ఆ ఫలితములను ఆటలకు అన్వయించునప్పుడు తొందర తగదు.

ఐనను నష్టమెక్కడనో కనబడుచునే యున్నది. గుర్తు లేనివారందరు మగవారైనచో ఆ లోకమున స్త్రీ అపురూపవస్తు వగును. రిబ్బను కట్టినప్పుడు తప్ప ఆమె లేదు. ఈ మాట తరచుగా వినబడుచున్నదే. రెండవ నష్టమును తక్కువమంది తలచుచున్నారు. లెక్క లేకుండ చచ్చుటకు పుట్టినవాడు మగవాడే యని ఆట ప్రతి సాయంకాలము పిల్లవానికి నేర్పుచున్నది. ఆ పిల్లవాడు పెరిగి మగవాడగును. పేరులేని బొమ్మను గీయునప్పుడు చిత్రకారుడు పేరు తీసివేసి, కొందరికి చూపి, "ఇది ఎవరు?" అని యడిగి వ్రాసికొనుట మంచిది. వచ్చిన జవాబు అతడు గీసినదానిని గాక, అతడు గీయక విడిచినదానిని చూపును.