పెట్టెలో మూతపడిన నేస్తం

బాల్యంలో తన కంటికి మాత్రమే కనిపించిన నేస్తం, సంసారం చెదిరిన వేళ మళ్ళీ ఎదుట నిలిస్తే ఏమవుతుంది? 1991లో విడుదలైన ‘డ్రాప్ డెడ్ ఫ్రెడ్’ అనే ఆంగ్ల హాస్యచిత్రానికి ఇదే ఇతివృత్తం. ఎలిజబెత్‌గా ఫీబీ కేట్స్, ఆమె ఊహానేస్తం ఫ్రెడ్‌గా రిక్ మేయల్, తల్లిగా మార్షా మేసన్ నటించారు.

భర్తకు దూరమైన ఎలిజబెత్ పుట్టింటికి చేరుతుంది. అక్కడ, చిన్ననాడు తల్లి టేపు చుట్టి మూసివేసిన ఆటపెట్టె ఆమె చేతికి చిక్కుతుంది. టేపు విప్పగానే ఫ్రెడ్ బయటపడతాడు. స్నేహితురాలి పడవ ఇంటిని సైతం ముంచేస్తాడు; అతడెవరికీ కనిపించడు గనుక నింద ఆమెపై పడుతుంది.

నాటి విమర్శకులు చాలామంది ఈ చిత్రాన్ని మెచ్చలేదు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. హాస్యం పలుచోట్ల మోటుగా ఉన్నది. తల్లి పాత్ర కేవలం కఠినురాలిగానే సాగి, ఆమె ఒంటరితనం చివర ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. అయినను చిత్రంలో ఒక సత్యం ఉన్నదని మేము భావిస్తున్నాము. ఫ్రెడ్ అల్లరి అంతా ఆ పసిపిల్ల నోరు తెరిచి చెప్పలేకపోయిన మాటే. తల్లి టేపు చుట్టినది ఆ మాటకే. తల్లికి ఇక భయపడనని ఎలిజబెత్ ఎదురుగా నిలిచి చెప్పగలిగిన నాడు ఫ్రెడ్‌కు పని తీరిపోయింది. వారి వీడ్కోలు ఘట్టంలో మేయల్ నటన కంట తడి పెట్టిస్తుంది.

మన తెరపై ఎస్.వి. కృష్ణారెడ్డి దర్శకత్వం వహించిన ‘ఘటోత్కచుడు’ (1995) ఇక్కడ జ్ఞాపకానికి వస్తుంది. కురుక్షేత్రంలో దాహం తీర్చిన చిన్నారి ఋణం తీర్చుకొనుటకు, ఆమె మరుజన్మలో ఘటోత్కచుడు నేస్తమై దిగివస్తాడు. ఆ పాత్రలో కైకాల సత్యనారాయణ నిండుగా నవ్వించారు. అక్కడ పాపకు అపాయం దుండగుల వలన కలుగుతుంది, గద చాలును. ఎలిజబెత్‌కు అపాయం ఇంట్లోనే, క్రమశిక్షణ పేరిట ఉన్నది. దానికి గద పనికిరాదు.

రౌస్ హిల్‌లోని మన ఇళ్ళకు ఈ భేదం ముఖ్యం. బొమ్మతో ముచ్చటించే పిల్ల సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి పలుకుతుంది. ‘వాడు వచ్చింది’ అన్నందుకు చుట్టాల ముందు పకపకా నవ్వితే, ఆ పిల్ల మరునాడు తెలుగు మాటే ఎత్తదు. మనము ప్రేమతోనే దిద్దుతాము. అయితే మూత పడేది అక్కడే.

మోటు హాస్యం కారణంగా ఈ చిత్రాన్ని పసివారికి చూపవద్దని మా సూచన. కాస్త ఎదిగిన పిల్లలతో కలిసి పెద్దలు చూడదగినది. చూసిన పిమ్మట ‘నీకూ ఇటువంటి నేస్తం ఉండేవాడా?’ అని తెలుగులో అడగండి. జవాబు ఏ భాషలో వచ్చినా, మధ్యలో దిద్దక చివరిదాకా వినండి.