గెంతు చూసి గేమ్ కొనాలి

పాత వీడియో గేములు సేకరించడం మొదలుపెట్టినవాళ్లకు కొన్నాళ్లకే ఒక జబ్బు పట్టుకుంటుంది. పేరున్నవన్నీ కావాలి, అరుదైనవన్నీ కావాలి, ఒక వరుసలో ఒకటి దొరికితే మిగతావీ కావాలి. అల్మారా నిండుతుంది, ఆడేది మాత్రం ఆదివారం సాయంత్రం గంటసేపు. ప్లాట్‌ఫామ్ గేముల వరకు నా లెక్క వేరు. గట్టు మీంచి గట్టు మీదికి దూకడమే ఆటయినప్పుడు ముందు చూడాల్సింది ఆ గెంతునే. బటన్ నొక్కితే బొమ్మ ఎంత ఎత్తు లేస్తుంది? గాల్లో ఉండగా దారి మార్చుకోగలదా? దిగాక జారుతుందా, టక్కున ఆగుతుందా? వీటికి కొత్త జవాబు చెప్పే గేమే తర్వాత కొనాల్సింది. పాత జవాబే చెప్పేది ఎంత చవగ్గా వచ్చినా తొందరేమీ లేదు.

1981లో నింటెండో తెచ్చిన ‘డాంకీ కాంగ్’లో గెంతు ఒక్కటే కొలత. షిగెరు మియామోటో సృష్టించిన ఆ వడ్రంగి, అప్పటికింకా మారియో అన్న పేరు స్థిరపడని ‘జంప్‌మన్’, గాల్లోకి లేచాడంటే మళ్లీ దిగేదాకా మన మాట వినడు. కాస్త ఎత్తు నుంచి జారినా ప్రాణం పోతుంది. 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ వచ్చేసరికి అదే మనిషి మన వేలికి లోబడ్డాడు. బటన్ తట్టి వదిలితే చిన్న గెంతు, నొక్కి పట్టుకుంటే పెద్ద గెంతు, పరిగెత్తుతూ నొక్కితే దూరపు గెంతు. పైగా గాల్లో ఉండగానే వెనక్కి లాగి, దిగే చోటు దిద్దుకోవచ్చు. ఇవాళ్టి ప్లాట్‌ఫామ్ గేముల్లో సగానికి పైగా ఈ గెంతుకు మనవలే అనిపిస్తుంది నాకు.

ఆ గేమ్ మొదటి తెరను ఒకసారి తీరిగ్గా చూడండి. ఎదురుగా గూంబా అనే శత్రువు నడిచొస్తుంది. ఊరికే నిలబడితే చస్తారు కాబట్టి గెంతాలని తెలుస్తుంది. పైన ప్రశ్నార్థకం ఉన్న పెట్టె మెరుస్తుంటుంది. తల తగిలితే పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు జారుతూ వెళ్లి, గొట్టాన్ని గుద్దుకుని మన మీదికే తిరిగొస్తుంది. భయపడి తప్పించుకుందామని ఎగిరినా, పైన ఇటుకలు అడ్డు కాబట్టి చాలాసార్లు అది తగలనే తగులుతుంది. తగిలితే మారియో పెద్దవాడవుతాడు. ఒక్క అక్షరం చదివించకుండా పాఠం పూర్తయింది. మొత్తం 32 స్టేజీలు దాదాపు 40 కిలోబైట్లలో ఇమిడాయి. చోటు మిగుల్చుకోవడానికి మబ్బుకూ పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు.

దీనికి పూర్తిగా ఎదురు సంప్రదాయం ఇంకొకటుంది. క్యాప్‌కామ్ ‘గోస్ట్స్ అండ్ గాబ్లిన్స్’ (1985), కొనామీ ‘క్యాసిల్‌వేనియా’ (1986) ఆ కోవలోవి. ఇక్కడ నేల విడిచాక దిద్దుబాటు లేదు. ‘క్యాసిల్‌వేనియా’లో శత్రువు తగిలితే వెనక్కి విసిరేసినట్టు పడతాం, అక్కడ గొయ్యి ఉంటే అంతే సంగతులు. మారియోకు అలవాటుపడ్డ చేతికి ఇది మొదట మొరటుగా తోస్తుంది. కానీ కాసేపటికి ఆట స్వభావమే వేరని అర్థమవుతుంది. ఎగరడానికి ముందే ఎక్కడ దిగాలో తేల్చుకోవాలి, కొరడా ఎప్పుడు విసరాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ఆపిల్ టూ కంప్యూటర్ కోసం 1989లో జోర్డన్ మెక్‌నర్ చేసిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ది మరో దారి. తన తమ్ముడు పరిగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కో ఫ్రేముగా గీసుకున్నాడు. అందుకే రాకుమారుడి గెంతులో ఒంటి బరువు తెలుస్తుంది, పరుగు ఆగడానికి రెండడుగులు పడుతుంది. తొంభైల్లో మన బడుల కంప్యూటర్ ల్యాబుల్లో మాస్టారు అటు తిరగ్గానే ‘డేంజరస్ డేవ్’తో పాటు దీన్నీ తెరిచినవాళ్లు, మారియో వేగంతో ఆడబోయి ముళ్ల మీద పడినవాళ్లే.

‘సోనిక్’ (1991) గెంతు వంపును బట్టి మారుతుంది. ఏటవాలు నేల మీంచి ఎగిరితే అటే విసిరేస్తుంది. మొదటి భాగం రెండో జోన్ మార్బుల్‌లోకి వెళ్లగానే ఈ వేగమంతా రాళ్లు తోసుకుంటూ ఆగి ఆగి నడవడంగా మారుతుంది కాబట్టి, ఒక్కటే కొనేటట్టయితే 1992 నాటి రెండో భాగం కొనమంటాను. ఉన్నచోటే చుట్టచుట్టుకుని దూసుకుపోయే ఎత్తు అందులోనే వచ్చింది.

అసలు గెంతే లేని ప్లాట్‌ఫామ్ గేమూ ఉంది. ‘బయానిక్ కమాండో’లో చేతికున్న తీగ విసిరి వేలాడుతూ వెళ్లడమే. ఇక 2018 నాటి ‘సెలెస్ట్’ పైకి కఠినంగా కనిపిస్తుంది, లోపల మాత్రం దయగలది. అంచు దాటి రెప్పపాటు గడిచాక బటన్ నొక్కినా గెంతును ఒప్పుకుంటుంది. నేల తగలకముందే తొందరపడి నొక్కితే గుర్తుపెట్టుకుని దిగగానే ఎగురుతుంది. ఈ సాయం మనకు కనబడదు. గెలుపంతా మన చేతి మహిమే అనుకుంటాం.

ఒకటి ముగించాక దానికి ఎదురు స్వభావం ఉన్నదాన్ని ఎత్తుకోవడం నా పద్ధతి. ‘మారియో 3’ తర్వాత వెంటనే ‘సూపర్ మారియో వరల్డ్’ పెడితే తీపి మీద తీపి తిన్నట్టుంటుంది. మధ్యలో ‘క్యాసిల్‌వేనియా’ ఉండాలి. ఎక్కువ కొనే స్తోమత లేనివాళ్లకు అమెరికాలో 1988లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ మంచి బేరం. జపాన్‌లోని ‘డోకి డోకి పానిక్’ అనే వేరే గేముకు మారియో వేషం వేసి పంపారని చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు. నాకైతే అదే దాని అందం. లుయీజీ కాళ్లాడిస్తూ అందరికంటే ఎత్తు లేస్తాడు, రాకుమారి గాల్లో తేలుతుంది, టోడ్ అంత ఎత్తు ఎగరలేడు గానీ వస్తువులు చకచకా పీకుతాడు, మారియో అన్నిటా మధ్యస్థం. ఒక్క కేసెట్‌లో నాలుగు గెంతులు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని. మన ఇళ్లలో ఒకప్పుడు ఉన్న పేరూ ఊరూ లేని టీవీ గేములు నింటెండో జపాన్ కన్సోల్ ఫ్యామికామ్‌కు నకళ్లు. వాటి కేసెట్లకు 60 పిన్నులు, దాని అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్ కేసెట్లకు 72. నేరుగా పట్టవు. లక్షల గేములున్నాయని అట్ట మీద రాసిన కేసెట్లో అవే నాలుగైదు తిప్పితిప్పి వస్తాయన్న సంగతి ఆ తరానికి చెప్పనక్కర్లేదు. యూరప్ కన్సోళ్లతో ఇంకో చిక్కు. అక్కడి టీవీలు 50 హెర్ట్జ్‌వి కావడంతో, ఆ తేడాకు సరిచేయని గేములు ఆరో వంతు నెమ్మదిగా నడుస్తాయి. సంగీతమూ సాగుతుంది, గెంతూ సాగుతుంది. జపాన్ కన్సోల్, జపాన్ కేసెట్ తీసుకుంటే ఆ బాధ లేదు, ప్లాట్‌ఫామ్ గేముకు భాష రాకపోయినా పెద్దగా అడ్డు కాదు. పిన్నుల మీద నోటితో ఊదకండి, తేమకు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది చాలు.

ధరల సంగతికొస్తే, 2021 జులైలో సీలు విప్పని ‘సూపర్ మారియో 64’ ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. దాన్ని ఎవరూ ఆడరు. డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుందనుకుంటే, నింటెండో త్రీడీఎస్ దుకాణం 2023 మార్చిలో అమ్మకాలు ఆపేసింది. మూడు మారియో గేములు కలిపిన ‘త్రీడీ ఆల్‌స్టార్స్’ను 2021 మార్చి 31 దాకానే అమ్మారు. 2010కి ముందు అమెరికాలో వచ్చిన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కగట్టింది. కాబట్టి ఎప్పుడూ దొరికే ‘సెలెస్ట్’ కాస్త ఆగినా ఫర్వాలేదు.

ఇవన్నీ చూశాక, మొదటి కేసెట్ ఏది కొనమంటావని అడిగితే గేమ్ బాయ్ మీద 1994లో వచ్చిన ‘డాంకీ కాంగ్’ అంటాను. మొదట 1981 నాటి నాలుగు స్టేజీలే వస్తాయి. అయిపోయిందనుకునేలోపు అసలు ఆట మొదలై, మొత్తం 101కి చేరుతుంది. పాత జంప్‌మన్ ఇందులో వెనక్కి పల్టీ కొడతాడు, చేతుల మీద నిలబడతాడు, తీగల మీద గిరగిరా తిరుగుతాడు. స్టేజీలు చిన్నవి, బస్సులోనూ ఆడుకోవచ్చు. దాని తెర దానికే ఉంది కాబట్టి టీవీ గొడవ లేదు, ఏ దేశపు కేసెట్ అయినా ఏ గేమ్ బాయ్‌లోనైనా ఆడుతుంది. ఒక్కటే జాగ్రత్త: ఎంతవరకు ఆడామో గుర్తుపెట్టుకునేది లోపలి చిన్న బ్యాటరీ, అది బోర్డుకు అతికించి ఉంటుంది. మార్చారో లేదో అమ్మేవాణ్ని అడగండి. మార్చకపోతే బ్యాటరీ ఖర్చూ సోల్డరింగ్ కూలీ ధరలో తగ్గించమనండి.