ఆకు, పూత, నేరం: గంజాయి నిర్వచనంపై ఒక పరిశీలన

గంజాయి నిషేధం హిందూ ఆచారాన్ని కాలరాసిందన్న వాదం తరచు వినబడుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని నిర్వచనాన్ని పదం పదంగా చదివితే ఈ వాదానికి సవరణ అవసరమవుతుంది. మొక్క పూత కొనలను, కాయ కొనలను చట్టం గంజాయి అంది. కొనలు కలియని ఆకులను, విత్తనాలను ఆ పేరు నుండి మినహాయించింది. ఆకు నూరి చేసే భంగు ఆ సందులోనే మిగిలింది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోని నిర్వచనం కూడా ఇటువంటిదే గనుక, ఈ మినహాయింపును కేవలం మతాచార గౌరవంగా భావించలేము.

ఫలితం మాత్రం విచిత్రం. శివరాత్రినాడు కాశీలో గృహస్థు తాగే భంగుకు కేంద్ర చట్టం అడ్డురాదు. అక్కడే సాధువు చిలుములో పీల్చే గంజాయి నేరమవుతుంది. ఒకే దైవాన్ని కొలిచే ఇద్దరిని మొక్క భాగాన్ని బట్టి చట్టం వేరుచేసింది. 1893-94లో వలస ప్రభుత్వం నియమించిన సంఘం మత వినియోగాన్ని విడిగా విచారించి, సంపూర్ణ నిషేధాన్ని సిఫారసు చేయలేదు. ఆ విచారణలో సాధువు, ఫకీరు సైతం లెక్కకు వచ్చారు.

అథర్వవేదం సోమంతోపాటు పేర్కొన్న 'భంగ'ను నిషేధ విమర్శకులు ప్రమాణంగా చూపుతారు. ఆ పదార్థం విషయమై పండితులలో ఏకాభిప్రాయం లేదు. పైగా 'గంజాయి వనంలో తులసి మొక్క' అనే తెలుగు సామెతలో పవిత్రత అంతా తులసిదే. కాశీ ఆచారాన్ని యావత్ హిందూ సంప్రదాయంగా ఏకవచనంలో చెప్పేవారు ఈ సామెతకు సమాధానం చెప్పవలసి ఉంటుంది.